పళ్ళాయన పందెం సైకిలు

ఆ వీధిలో ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు. చిన్నాపెద్దా అందరికీ ఆయన పళ్ళాయన. పళ్ళంటే తినే పళ్ళనుకుని, కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఒకరిద్దరు సంచీ పట్టుకుని మెట్లెక్కి వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. తలుపు తోసి చూస్తే బల్ల మీద పాతిక ప్లాస్టర్ దవడలు నోళ్ళు తెరుచుకుని వాళ్ళ వంకే చూస్తుండేవి. వచ్చినవాళ్ళు సంచీ మడిచి చంకలో పెట్టుకుని, వచ్చినంత వేగంగానూ దిగిపోయేవారు.

ఆయన పని కట్టుడు పళ్ళు తయారుచేయడం. ఊళ్ళో పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపితే, వాటిలో ప్లాస్టర్ పోసి, గులాబీ రంగు పొడిని ద్రవంతో కలిపి చిగుళ్ళు మలిచి, ఒక్కొక్క పన్నూ కూర్చి పంపేవాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. రోగుల్ని ఆయన చూడడు, రోగులు ఆయన్ను చూడరు. అందుకే ఊళ్ళో మనుషులు పెద్దగా తెలియరు గానీ నోళ్ళు మాత్రం కంఠతా వచ్చు. బస్సులో ఎదుటి సీట్లో ఎవరైనా నవ్వితే చాలు, 'ఇది నా చేతి పై వరసే' అని లోలోపల పొంగిపోయేవాడు. పైకి మాత్రం కిమ్మనేవాడు కాదు. ఆ వృత్తికి అది మర్యాద.

నలభై ఏడో ఏట ఆయన పొట్ట బల్లకు అడ్డం రావడం మొదలుపెట్టింది. డాక్టరు దగ్గరికి వెళితే, "కూర్చుని చేసే పని మీది. నడవండి, ఈదండి, లేదా సైకిలు తొక్కండి" అన్నాడు. నడకంటే మోకాళ్ళు ఒప్పుకోవు. నీళ్ళంటే ఆయనకు బకెట్లో ఉన్నంతవరకే ధైర్యం. ఇక మిగిలింది సైకిలు.

ఆ మాట చెవిన పడగానే ఆయన భార్య మొహం వెలిగిపోయింది.

"మా తమ్ముణ్ణి అడగండి. వాడికి సైకిళ్ళ గురించి తెలియని విషయం లేదు."

పళ్ళాయన ప్రాణం ఉసూరుమంది. ఆ తమ్ముడికి కళ్ళజోళ్ళ షాపుంది. దానితోపాటు 'కవాల్టా' అనే విదేశీ కంపెనీ పందెం సైకిలుంది. ఆ సైకిలు ఖరీదుకి తన ల్యాబ్ మొత్తం కొని, పైన ఒక అంతస్తు వేసుకోవచ్చని పళ్ళాయన అంచనా. ప్రతి ఆదివారం సైకిల్ క్లబ్బు వాళ్ళు ఊరి బయట కొండెక్కుతారు. అందరికంటే ముందు కొండ మీద ఉండేది ఈ బావమరిదే. దిగొచ్చాక, ఒంటికి రబ్బరు తొడుగులా అతుక్కున్న బట్టలతో నేరుగా అక్క ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే టీ తాగుతూ, "మీరూ రావాలి బావా, వయసుదేముంది?" అనేవాడు. ఆ వయసన్న మాట అన్నప్పుడల్లా చూపు పొట్ట మీదికి దిగేది.

అంతకంటే అవమానం, ఆ చూపును అనుసరించి అక్కగారు కూడా చూసేది.

"నేనే ఒకటి తయారుచేసుకుంటాను" అన్నాడు పళ్ళాయన ఒక రోజు.

"దేన్ని?" అంది భార్య.

"సైకిల్ని. అలాంటిదే. మనిషి నోరే తయారుచేసేవాణ్ణి, సైకిలెంత?"

ఇరవై ఏళ్ళ కాపురంలో, ఆయన ఇలా గడ్డం ఎత్తి మాట్లాడినప్పుడు ఆపడం వృథా అని ఆమెకు తెలుసు. ఇంట్లో వాషింగ్ మెషీనును కూడా ఆయన అలాగే గడ్డం ఎత్తి బాగుచేశాడు. అప్పటినుంచీ అది ఉతికేటప్పుడు వంటింట్లోంచి హాల్లోకి నడిచి వస్తుంది.

పది రోజులు ఫోను చూసి చూసి పళ్ళాయన ఒక విషయం కనిపెట్టాడు. అసలు కవాల్టా ఫ్రేములో పదో వంతు ధరకి, అచ్చం అలాగే ఉండే నకలు ఫ్రేము దొరుకుతుంది. అమ్మేవాడు ఫోనులో తేనె ఒలకబోశాడు. "అదే ఫ్యాక్టరీ సార్, అదే అచ్చు, అదే కార్బన్. పగలంతా వాళ్ళ కోసం చేసి, సాయంత్రం మన కోసం చేస్తారు." వేరొకరైతే అనుమానించేవారేమో. పళ్ళాయనకు మాత్రం నకలు అన్న మాట ఏ కోశానా తప్పుగా వినబడలేదు. తన జీవితమంతా నకలే. తను చేసిన పళ్ళతో ఊళ్ళో సగంమంది కొరుకుతున్నారు, నములుతున్నారు, పోట్లాడుకుంటున్నారు. అసలు పళ్ళకంటే అవే బాగున్నాయన్నవాళ్ళూ ఉన్నారు.

ఫ్రేము వచ్చింది. పెట్టె విప్పి చేత్తో ఎత్తాడు. ఎత్తినట్టే అనిపించలేదు. ల్యాబ్‌లో పొడి తూచే త్రాసు మీద పెడితే తొమ్మిది వందల అరవై గ్రాములు. "చూశావా? ఒక పెద్ద వంకాయంత బరువు!" అని భార్యకు చూపించాడు.

ఆయన భార్య ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. అచ్చులో ఉన్నది ఏది కనబడినా, అది మందుసీసా మీది కాగితమైనా సరే, ఒక్కో అక్షరం చదవందే ఆమె కన్ను ముందుకు కదలదు. ఫ్రేము మీద మెరుస్తున్న పేరు మీదికి వంగి కూడబలుక్కుంది.

"క... వా... ల... టా. కావాలటా? ఏం కావాలట దీనికి?"

పళ్ళాయన వంగి చూశాడు. నిజమే. నకలు చేసినవాడు మధ్యలో ఒక అక్షరం ఎక్కువ వేశాడు. కవాల్టా కాస్తా కవాలటా అయి కూర్చుంది.

"దూరం నుంచి ఎవరికి కనబడుతుందిలే" అన్నాడు.

"దూరం నుంచి చూస్తే తప్పులన్నీ ఒప్పులే. మా ప్రెస్సు ఓనరు కూడా ఇదే అంటాడు" అంది ఆమె, చేతిలో లేని ఎర్ర పెన్నును వేళ్ళ మధ్య తిప్పుతూ.

మిగతా సామాన్ల కోసం పంచర్ల పిన్ని దగ్గరికి వెళ్ళాడు. ఆ పేటలో సైకిళ్ళు బాగుచేసేది ఆవిడే. అరవై దాటిన మనిషి, ముంజేతులు మాత్రం పహిల్వానువి. రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళుగా పోగుచేసిన చక్రాలూ చైన్లూ హ్యాండిళ్ళూ పైకప్పు నుంచి గబ్బిలాల్లా వేలాడుతుంటాయి. పళ్ళాయన ఫ్రేమును రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు. పిన్ని దాన్ని లాక్కుని, చెవి దగ్గర పెట్టుకుని, గోటితో కొట్టి విన్నది.

"ఇది సైకిలా నాయనా, గొడుగా?"

"కార్బన్ పిన్నీ. పందేలకి వాడతారు."

"దీని మీద నువ్వెక్కుతావా?" ఆవిడ ఆయన్ను కిందినుంచి పైదాకా ఒకసారీ, నడుము దగ్గర అడ్డంగా ఒకసారీ చూసింది. "సరే, నీ ఇష్టం. రా, కూర్చో."

ఆ నెల రోజులూ ల్యాబ్ అయ్యాక పళ్ళాయన షెడ్డులోనే తేలేవాడు. చక్రాలు, ఎవరో పరీక్ష తప్పి కాలేజీ మానేసిన కుర్రవాడు అమ్ముకున్న సైకిలువి. గేర్లు, జిమ్ము మూసేసి పోయినవాడు పారేసిన సామానులోంచి పిన్ని ఏరినవి. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి, ఒక కొమ్ము రెండోదానికంటే వేలెడు పొడుగుండేది. పిన్ని దాన్ని రంపంతో సమం చేయబోయి రెండోవైపు కోసింది. మళ్ళీ సమం చేయబోయి మొదటివైపు కోసింది. ఆఖరికి సమం అయ్యేసరికి, పళ్ళాయన మోచేతులు పక్కటెముకలకు అంటుకునేంత పొట్టిదైపోయింది.

"బరువు తగ్గింది" అన్నాడు పళ్ళాయన ఆనందంగా. కోసిన ముక్కలు పట్టుకెళ్ళి ల్యాబ్ త్రాసులో తూచాడు. నలభై ఒక్క గ్రాములు.

అప్పటినుంచీ ఆయనకు బరువు పిచ్చి పట్టుకుంది. సీటు కింద దూది పీకేశాడు. పెడళ్ళకు చిల్లులు పొడిచాడు. బెల్లు తీసేసి, నోటితో అరిస్తే సరిపోతుందన్నాడు. రోజూ రాత్రి భోజనాల దగ్గర, "ఇవాళ పదహారు గ్రాములు తగ్గించాను" అని లెక్క చెప్పేవాడు. భార్య రెండోసారి అన్నం వడ్డించబోయి, గరిటె గాల్లో ఆపి, "ఇది నూటయాభై గ్రాములుంటుంది. వెయ్యమంటారా?" అని అడిగేది. ఆయన కాసేపు ఆలోచించి, "నేను వేరు, సైకిలు వేరు" అనేవాడు.

అన్నీ కుదిరాయి గానీ ఒక్కటి మొండికేసింది. సీటు గొట్టం, ఫ్రేములో అది దూరే రంధ్రంకంటే సన్నం. వెంట్రుకవాసి తేడానే. కానీ కూర్చోగానే సీటు సర్రున కిందికి దిగిపోతుంది. పిన్ని రేకు చుట్టి చూసింది, ట్యూబు ముక్క చుట్టి చూసింది. పళ్ళాయన పది గజాలు వెళ్ళేసరికి మోకాళ్ళు చెవుల దగ్గరికొస్తున్నాయి.

అప్పుడు ఆయనకు మెరుపు మెరిసింది. గొట్టానికీ రంధ్రానికీ ఉన్న ఖాళీ, చిగురుకీ పన్నుకీ ఉన్న ఖాళీ లాంటిదే కదా! మర్నాడు ల్యాబ్ నుంచి గులాబీ పొడీ ద్రవం తెచ్చి, ముద్ద కలిపి, గొట్టం చుట్టూ పూసి, పది నిమిషాలు గట్టిపడనిచ్చి, చిన్న ఆకురాయితో అరగదీశాడు. గొట్టం రంధ్రంలోకి 'టప్' మని దిగి కూర్చుంది. పిన్ని రెండు చేతులతో గుంజినా కదల్లేదు. ఆ ఊపులో కేబుళ్ళు లోపలికెళ్ళే బొక్కల దగ్గరా, పెడళ్ళ ఇరుసు కప్పు బిగవని చోటా, ఫ్రేములో ఎక్కడ వదులుగా ఉంటే అక్కడ గులాబీ చిగుళ్ళు కట్టేశాడు.

పిన్ని దూరంగా జరిగి, తలొంచి చూసి, "నవ్వుతున్నట్టుంది నాయనా" అంది.

అలా తయారైన సైకిలెక్కి పళ్ళాయన ఒక ఆదివారం పొద్దున క్లబ్బు వాళ్ళ దగ్గరికి బయల్దేరాడు. భార్య గుమ్మంలో నిలబడి, "ఆ పేరు మీదికి కాలు అడ్డం పెట్టి తొక్కండి, ఎవరూ చదవకుండా" అని జాగ్రత్త చెప్పింది.

బావమరిది అప్పటికే ఫోన్ చేశాడు. "మీరు క్లబ్బుతో నెమ్మదిగా రండి బావా. నేను ఎప్పుడూ ఒక్కణ్ణే ముందు వెళ్ళిపోతాను. మందతో నాకు కుదరదు, నాది స్పీడు."

క్లబ్బులో పదకొండు మంది. పెట్రోలు బంకు పక్కన చేరారు. అందులో లావుపాటాయన టైల్స్ షాపు ఓనరు, నూట పన్నెండు కిలోల మనిషి, నవ్వు ఇంకా బరువు. అందరికీ పెద్ద, ప్రెసిడెంటు గారు. రోడ్ల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యాడు. డెబ్బై దగ్గర పడుతున్నా నిటారుగా ఉంటాడు, మాట ఖంగుమంటుంది. ఏ సైకిలైనా ఒక్క చూపుతో అసలుదో నకిలీదో చెప్పేస్తాడని ఆయనకు పేరు. పోయిన ఏడాది ఒకడు నకిలీ ఫ్రేముతో వస్తే నడిరోడ్డు మీద నిలబెట్టి కడిగేశాడట. పాపం వాడు ఆ ఊరే మారిపోయాడట. ఈ సంగతి టైల్సాయన దారిలో సరదాగా చెబుతుంటే, పళ్ళాయనకు కొండ ఎక్కకముందే ఆయాసం మొదలైంది.

ఎక్కేటప్పుడు మాత్రం ఒక వింత జరిగింది. సైకిలు నిజంగానే గాల్లో తేలినట్టు పోయింది. పళ్ళాయన పోలేదుగానీ సైకిలు పోయింది. నాలుగు మలుపులు ఎక్కాక కళ్ళు బైర్లు కమ్మి, ఐదో మలుపులో దిగి తోసుకుంటూ, ఆరో మలుపులో టైల్సాయన కనబడితే మళ్ళీ ఎక్కి, ఎలాగోలా పైకి చేరాడు. పైన టీ బడ్డీ దగ్గర బావమరిది కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద చెమట చుక్క లేదు. జుట్టు దువ్వినట్టే ఉంది.

సైకిళ్ళన్నీ గోడకు ఆనించారు. పళ్ళాయన తనదాన్ని అందరి వెనక్కీ, పొద పక్కకీ నెట్టాడు. కానీ ఆ గులాబీ రంగు పొదలోంచి కూడా మెరుస్తోంది. ప్రెసిడెంటు గారి చూపు దాని మీద పడింది. చేతులు వెనక కట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. వంగాడు. ఫ్రేమును గోటితో కొట్టాడు. పేరు చదివాడు. మళ్ళీ చదివాడు. పెదవులు విడివడ్డాయి. నడిరోడ్డు మీద కడగడానికి ఊపిరి పీల్చుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పళ్ళాయన ఆ నోట్లోకి చూశాడు. భయంతో చూడలేదు, అలవాటుగా చూశాడు. పై వరసలో ఎడమవైపు రెండో పన్ను పక్కదాని మీదికి రవ్వంత ఒరిగి ఉంది. 'సహజంగా ఉండాలి, ఒక పన్ను కొంచెం వంకరగా పెట్టు' అని ఏ డాక్టరు చీటీ రాశాడో, ఆ వంపు కోసం తను ఎన్నిసార్లు మైనం కరిగించాడో అన్నీ కళ్ళ ముందు కదిలాయి. ఆరేళ్ళ కిందటి పని. ఇంకా ఎంత బాగుంది!

"సార్" అన్నాడు లోగొంతుతో, నిజమైన ఆత్రుతతో, "పై వరస కొంచెం వదులైనట్టుంది. చిగురు తగ్గిందా? మాట్లాడేటప్పుడు నాలుకతో పట్టుకుంటున్నారు."

ప్రెసిడెంటు గారి నోరు 'టక్'మని మూసుకుంది. మొహంలో నాలుగు రంగులు మారాయి. ఆ డెబ్బై ఏళ్ళ మనిషి, 'ముప్పై రెండూ నావే, వేపపుల్లతో తోమిన పళ్ళు' అని క్లబ్బులో చెప్పుకుంటాడని పళ్ళాయనకు అప్పటికి తెలియదు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు గాలిలో కలిసిపోయే గొంతుతో.

"పళ్ళు చేస్తానండి. మీవి నేనే చేశాను."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పళ్ళాయన బెదిరించాలనుకోలేదు. అలాంటి తెలివి ఆయనకు తట్టనేలేదు. ప్రెసిడెంటు గారికి మాత్రం అది కత్తి గొంతు మీద పెట్టినట్టే తోచింది. గిరుక్కున వెనక్కి తిరిగి, అందరికీ వినబడేట్టు ప్రకటించాడు.

"ఇది చాలా అరుదైన మోడల్! మామూలు కవాల్టా కాదు. కవాలటా! పాతకాలం అక్షరాలు. మొత్తం మీద వంద చేసుంటారేమో."

పదిమందీ మూగారు. బావమరిది కాలు కిందికి దించాడు. ఎవరో గులాబీ అతుకుల్ని వేలితో తడిమి, "ఇదేం మెటీరియలండీ?" అని అడిగారు.

పళ్ళాయనకు అబద్ధం ఆడటం రాదు. "వైద్యంలో వాడేదండి. నోట్లో పెట్టుకున్నా ప్రమాదం లేదు" అన్నాడు.

"అబ్బో!" అన్నారందరూ.

ఆ వారం పళ్ళాయన జీవితంలో ఎన్నడూ లేనంత గొప్పగా గడవాల్సింది. బావమరిది ఫోన్ చేసి, "ఎక్కడ పట్టారు బావా?" అని మొదటిసారి మర్యాదగా అడిగాడు. భార్య ప్రెస్సులో నలుగురికీ చెప్పింది. కానీ బుధవారం నాడు టైల్సాయన స్వయంగా ల్యాబ్ మెట్లెక్కి వచ్చాడు. ప్లాస్టర్ దవడల మధ్య స్టూలు మీద కూర్చుంటే స్టూలు మూలిగింది.

"అన్నా, నాకూ అదే కావాలి. ఆ కవాలటా. ఎంతైనా సరే."

పళ్ళాయన చేతిలోని అచ్చు కింద పెట్టాడు. "మీకు... మీ ఒంటికి అది..."

"నా ఒంటికే అన్నా! వైద్యంలో వాడేదన్నావుగా. కొండ దిగేటప్పుడు నేను డెబ్బైలో వస్తాను తెలుసా?"

డెబ్బై కిలోమీటర్ల వేగం. నూట పన్నెండు కిలోల మనిషి. కింద తొమ్మిది వందల అరవై గ్రాముల, అక్షరాలు కూడా సరిగా రాయడం రానివాడు చేసిన ఫ్రేము. పళ్ళాయనకు ఆ తర్వాత మూడు రోజులు చేతిలో పని సాగలేదు. ఒక పెద్దావిడ కింది వరసలో ముందుపళ్ళు నిలిపేచోట దవడపళ్ళు పెట్టి, తప్పు చూసుకుని పీకేశాడు. భార్యతో చెప్పుకున్నాడు. ఆమె చదువుతున్న ప్రూఫు పక్కన పెట్టింది.

"అక్షరం తప్పుంటే నేను దిద్దుతాను. చెప్పకుండా వదిలేస్తే రేపు అదే అచ్చవుతుంది. వెళ్ళి చెప్పేయండి."

"మీ తమ్ముడు నవ్వుతాడే."

"నవ్వనీయండి. నవ్వితే పళ్ళే కదా కనబడేది. మీకు అలవాటే."

ఆదివారం కొండ మీద టీ బడ్డీ దగ్గర అందరూ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉండగా, పళ్ళాయన గొంతు సవరించుకున్నాడు. చేతులు కట్టుకున్నాడు. క్లాసులో తప్పు ఒప్పుకునే పిల్లవాడిలా ఉన్నాడు.

"అందరూ నన్ను క్షమించాలి. ఈ ఫ్రేము నకిలీది. ఇంటర్నెట్లో చవగ్గా కొన్నాను. ఆ పేరులో ఉన్నది పాతకాలం అక్షరాలు కాదు, తప్పు. టైల్స్ షాపు అన్న దయచేసి ఇలాంటిది కొనకూడదు. నా మీద ఒట్టు."

బావమరిది మొహంలో నవ్వు మొదలై, చెవుల దిశగా ప్రయాణం కట్టింది.

అందరికంటే ఎక్కువ కంగారు పడింది ప్రెసిడెంటు గారు. ఒక్క చూపుతో అసలూ నకిలీ చెప్పగల మనిషని ఇన్నేళ్ళుగా కట్టుకున్న పరువు గంగలో కలిసేట్టుంది. ఆయన ముందుకు దూకాడు.

"అబద్ధం! ఈయన వినయంకొద్దీ చెబుతున్నాడు. నేను పరీక్షించానా లేదా? నా అనుభవం ఎంత? నా కన్ను ఎన్నడైనా తప్పిందా? ఇది ఫ... ఫక్కా... ఫ్యాక్టరీ..."

ఆ 'ఫ' దగ్గర పై వరస బయటికి దూకింది. గాల్లో ఒక్క మొగ్గ వేసి, టైల్సాయన చేతిలో ఉన్న టీ గ్లాసులో 'బుడుంగ్' మని పడింది.

ఎవరికీ ఏం చూడాలో తెలియలేదు. టైల్సాయన గ్లాసులోకి చూశాడు. గ్లాసులోంచి ఎవరో ఆయన్ను చూసి నవ్వుతున్నారు.

అప్పుడు కదిలింది పళ్ళాయన ఒక్కడే. ఆలోచించి కదల్లేదు, చెయ్యే కదిలింది. గ్లాసులో వేళ్ళు పెట్టి వరసను తీసి, సీసా నీళ్ళతో కడిగి, వెలుగులోకి ఎత్తి, బొటనవేలితో అంచంతా తడిమి చూశాడు. "పగుళ్ళు లేవు" అన్నాడు తృప్తిగా. "వదులైంది, అంతే. లోపల కొత్త పొర వేస్తే సరిపోతుంది. మంగళవారం ల్యాబ్‌కి రండి సార్, గంట పని." అని రెండు చేతులతో మర్యాదగా అందించాడు.

ప్రెసిడెంటు గారు అటు తిరిగి పెట్టుకుని, ఇటు తిరిగాడు. కాసేపు నేల చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నారు. కాదు, నవ్వుతున్నాడు. మళ్ళీ ఊడిపోకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతున్నాడు. దాంతో టైల్సాయన బద్దలయ్యాడు. ఆయన నవ్వుకి గోడకు ఆనించిన సైకిళ్ళు మూడు పడిపోయాయి.

ఆ నవ్వుల్లో ఏం మహిమ ఉందో గానీ, ఒక్కొక్కరూ నోరు విప్పారు. బీమా ఏజెంటు ఒకాయన తన తలమీది జుట్టు తనది కాదన్నాడు. ఇంకొకాయన చేతి గడియారం విప్పి, "ఇదీ కవాలటాయే" అన్నాడు. బావమరిది మాత్రం బిగుసుకుని కూర్చున్నాడు. అంతలో టీ బడ్డీ ఆయన గ్లాసులు ఏరుకుంటూ, ఏ దురుద్దేశమూ లేకుండా అడిగాడు.

"సార్, మీ కారు పై మలుపులో అడ్డంగా పెట్టారు. పాల వ్యాను రావాలి, కొంచెం తీస్తారా?"

"కారా?" అన్నారు పదకొండు మందీ.

"ప్రతి ఆదివారం పెడతారుగా. సైకిలు డిక్కీలోంచి దించుకుని, ఇక్కడిదాకా తొక్కుతారు."

బడ్డీ దాటాక వచ్చే ఆ పై మలుపు నుంచి ఇక్కడికి రెండు వందల అడుగులు, అదీ పల్లమే. బావమరిది లేచి, ఎవరి వంకా చూడకుండా కారు తీయడానికి వెళ్ళాడు. పళ్ళాయన వెనకే వెళ్ళాడు. ఇంతకాలం ఎదురుచూసిన ఘడియ వచ్చినా, ఎత్తిపొడవలేదు.

"మోకాళ్ళా?" అని అడిగాడు.

"మోకాళ్ళే బావా" అన్నాడు బావమరిది, తాళం చెవి వెతుక్కుంటూ. "కొన్న నెలలోనే మొదలైంది. అంత పెట్టి కొన్నాక ఎలా చెప్పను? అక్కకి చెప్పకండి, నీకు పుణ్యముంటుంది." కంగారులో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

పళ్ళాయన చెప్పలేదు. అది కూడా వృత్తి మర్యాద కిందికే వస్తుందనుకున్నాడు. కానీ ఆ సాయంత్రం బావమరిది వచ్చి మొదటిసారి కుర్చీలో కూర్చుని టీ తాగడం చూసి, భార్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చదివి, ఏదో తప్పు దొర్లిందని కనిపెట్టేసింది. అడగలేదు. అన్ని తప్పులూ దిద్దక్కర్లేదని కూడా ఆ ఉద్యోగంలో నేర్చుకుంటారు.

ఫ్రేమును మర్నాడు పిన్నికి చూపిస్తే, ఆవిడ సబ్బునీళ్ళతో తుడిచి, గోటితో వెతికి, పెడళ్ళ దగ్గర వెంట్రుకంత బీట చూపించింది. "ఇంకో రెండు ఆదివారాలైతే నీ పళ్ళు నువ్వే చేసుకునేవాడివి" అంది. షెడ్డు మూలనుంచి పాత ఇనప ఫ్రేము ఒకటి లాగి, తుప్పు గీకి, సామానంతా దానికి మార్చింది. సీటు గొట్టం దానికి అతుకు లేకుండానే సరిపోయింది. రెండున్నర కిలోలు బరువెక్కువ. పళ్ళాయన త్రాసు ముందు నిలబడి కాసేపు విచారించాడు. ఆ విచారంలో రెండు పూటలు తక్కువ తిన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు కొండ మూడో మలుపుదాకానే ఎక్కుతారు. టైల్సాయన, పళ్ళాయన, కారు ఇంటి దగ్గరే వదిలేసిన బావమరిది. అక్కడ ఒక చప్టా ఉంది. దాని మీద కూర్చుని, పైకి పోయేవాళ్ళకి చేతులూపి, ఎండ ఎక్కకముందే దిగిపోతారు. ప్రెసిడెంటు గారు మాత్రం శిఖరందాకా వెళతాడు. కొత్త పొర పడ్డాక ఆయన వరస ఎంత బిగువుగా ఉందంటే, దిగేటప్పుడు ముగ్గుర్నీ దాటుతూ, హ్యాండిలు మీంచి తలెత్తి, నోరారా ఈల వేసుకుంటూ పోతాడు.